నాన్న పోయాక పీఎం కిసాన్ నా పేరుకు వస్తుందా?

మాది నల్గొండ వైపు, 2 ఎకరాల 10 గుంటల పత్తి చేను. నాన్న పోయి ఏడాది దాటింది. విరాసత్ (వారసుడిగా భూమి నా పేరుకు మారడం) అయి కొత్త పాస్‌బుక్ చేతికొచ్చింది. మీసేవలో అడిగితే 2019 తర్వాత పేరు మారిన భూమికి పీఎం కిసాన్ రాదని ఒక్క మాటలో తేల్చేశాడు. నిజమేనా? నాన్న అకౌంట్‌లో రెండు వేలు పడితే పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేవాడు, ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లోనే ఉంది.

— సగం మాటే చెప్పాడు తమ్ముడూ. 01-02-2019 తర్వాత కొన్న భూమికి ఆ అడ్డు ఉంది. తండ్రి చనిపోయి వారసత్వంగా వస్తే లేదు. నీ పేరున కొత్తగా రిజిస్టర్ చేయించు. డెత్ సర్టిఫికెట్, పాస్‌బుక్, ఆధార్ పట్టుకుని రైతు వేదికలో ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) కలువు. నాన్నగారి పేరు తీయించడం మరిచిపోకు. ఆయన పోయాక పడిన డబ్బు వెనక్కి కట్టమంటారు, అది వేరే తలనొప్పి.

— స్టేటస్‌లో మూడు చూసుకోండి: ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు ధ్రువీకరణ), ల్యాండ్ సీడింగ్ (భూమి వివరాలు జతచేయడం), బ్యాంకుకు ఆధార్ సీడింగ్ (ఖాతాకు ఆధార్ లింక్). నాకు మూడోది దెబ్బకొట్టింది. డబ్బు పడిందని చూపిస్తుంది, పాస్‌బుక్‌లో సున్నా! చివరికి ఎప్పుడో గ్యాస్ సబ్సిడీకి ఆధార్ లింక్ చేసిన పాత ఖాతాలో దొరికింది, మూడు విడతలూ.

— రైతు భరోసాకు, దీనికి సంబంధం లేదు అన్నా, అది రాష్ట్రానిది. బ్యాంకు వివరాలు దానికి విడిగా ఇవ్వాలి.

— థాంక్స్ అన్నా. సోమవారం ఏఈఓ దగ్గరికి పోతా.