మాసిడోనియా రాక్‌కు సొంత గొంతు ఇచ్చింది లెబ్ ఇ సోల్‌నా, మిజార్‌నా?

మిశ్రచాపు: రెండూ ఇప్పటి ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యేకు చెందిన రాక్ బృందాలే. లెబ్ ఇ సోల్ 1976లో మొదలైంది: గిటార్ వ్లాట్కో స్టెఫానోవ్‌స్కీ, బేస్ బోదాన్ అర్సోవ్‌స్కీ, కీబోర్డు నికోలా దిముషెవ్‌స్కీ, డ్రమ్స్ గారబెత్ తవిత్యాన్. 1978లోనే రెండు ఆల్బమ్‌లు తెచ్చారు. గొరాజ్ద్ చాపోవ్‌స్కీ 1981లో కట్టిన మిజార్‌కు మొదటి ఆల్బమ్ 1988లో గానీ రాలేదు. నా ఓటు లెబ్ ఇ సోల్‌కే. బాల్కన్ ఊళ్ల జానపద లయను జాజ్-రాక్ వెన్నెముకగా చేసింది వాళ్లే.

ఎల్పీ సంచి: ఒప్పుకోను. లెబ్ ఇ సోల్ తొలి రోజుల సంగీతంలో ఎక్కువ భాగం వాద్యమే. తర్వాత పాడినవాటిలో సెర్బో-క్రొయేషియన్ పాటలు చాలానే ఉన్నాయి. మాసిడోనియా అప్పట్లో భాగంగా ఉన్న యుగోస్లావియా అంతటా వినబడాలంటే అది మామూలే, తప్పు పట్టడం లేదు. కానీ గొంతు అంటున్నాం కాబట్టి భాష లెక్కలోకి రావాలి. మిజార్ 1988 ఆల్బమ్ పూర్తిగా మాసిడోనియన్‌లో ఉంది, అదీ స్లొవేనియాలోని హెలిడాన్ రికార్డు సంస్థ నుంచి. దాని గాయకుడు గోరన్ తానెవ్‌స్కీ పాడే తీరులో ఆర్థడాక్స్ చర్చి గానం వినిపిస్తుంది. ఈ దారిలోనే నడిచిన అనస్తాసియా బృందం సంగీతం ఇచ్చిన "బిఫోర్ ది రెయిన్" సినిమా 1994లో వెనిస్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి గోల్డెన్ లయన్ గెలిచింది. ప్రపంచం మాసిడోనియా ధ్వని అని గుర్తుపట్టింది దాన్నే.

మిశ్రచాపు: సినిమా బహుమతి సంగీతానికి కొలబద్ద కాదండీ. లయ దగ్గరికి వద్దాం. లెబ్ ఇ సోల్ కూడా వాయించిన జానపదం "యోవానో యోవాంకే" 7/8లో ఉంది, అంటే ఒక్కో ఆవృతానికి (తాళం చుట్టుకు) ఏడు అక్షరాలు (లెక్కలు), 3+2+2గా. మన మిశ్రచాపు తాళంలోని తకిట తకదిమి విరుపూ ఇదే. 1, 4, 6 మీద ఊనిక. డ్రమ్స్ మీద ఇలా మొదలుపెట్టండి: కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) 1 మీద, స్నేర్ (చేతి పక్క చిన్న డ్రమ్) 4, 6 మీద, హై-హ్యాట్ (జంట తాళాలు) ఏడింటి మీదా. నాలుగు లెక్కల 4/4కు అలవాటుపడ్డ చేయి చివరి రెండును మూడుగా సాగదీస్తుంది. అప్పుడు 3+2+3, అంటే ఎనిమిది. చెవికి హాయిగానే ఉంటుంది కాబట్టి తప్పు పట్టుబడదు, కానీ బేస్ ఏడులోనే ఉంటే ప్రతి ఆవృతానికీ ఒక్కో అక్షరం చొప్పున విడిపోతారు. మెట్రోనోమ్‌ను 40కి పెట్టి, ఒక్కో మోతను ఒక్కో ఆవృతంగా తీసుకోండి. నిమిషానికి 280 అక్షరాలు పడతాయి. లోపల ఎక్కడ సాగినా తర్వాతి మోత దగ్గర దొరికిపోతుంది. ఈ నడకను రాక్‌లో ఇంత సహజంగా కూర్చోబెట్టడం కంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది?

బేస్ తీగ: లయ గురించి మిశ్రచాపు గారు చెప్పింది సరే. కానీ ఏడు అక్షరాలు బల్గేరియాలోనూ, గ్రీసులోనూ ఉన్నాయి. దాన్నిబట్టి మాసిడోనియాది అని ముద్ర వేయలేం. మిజార్ వైపు వాదన స్వరాల్లో కూడా ఉంది. బైజాంటైన్ గానంలో పాట కింద ఐసన్ అనే స్థిరస్వరం సాగుతుంది. ఆ ధోరణి గిటార్‌లో రావాలంటే ప్రతి స్వరానికీ మేజర్ కార్డో మైనర్ కార్డో (కలిపి మోగించే స్వరాల గుత్తి) తగిలించకూడదు. కార్డులోని మూడో స్వరం వదిలేసి, ఆధార స్వరం, అయిదో స్వరం మాత్రమే ఉంచాలి. మూడోది మోగిందంటే, పైన గొంతు సగం మెట్టు కిందికి జారినప్పుడల్లా రెండూ గుద్దుకుంటాయి. డిస్టార్షన్ (గిటార్ ధ్వనిని గరగరలాడించే ఎఫెక్ట్) పెంచితే ఇంకా చెడుతుంది.

ఎల్పీ సంచి: అదే నేననేది. అదీగాక కాలం చూడండి: మిజార్ రెండో ఆల్బమ్ "స్వ్యాత్ డ్రీమ్స్" 1991లో వచ్చింది, యుగోస్లావియా నుంచి స్వాతంత్ర్యం కోసం జనవాక్య సేకరణ జరిగిన సంవత్సరమది. భాషే ప్రశ్నగా ఉన్న రోజులు.

మిశ్రచాపు: భాష విలువ కాదనను. కానీ 1988కి పదేళ్ల ముందే స్కోప్యే నలుగురు ఆ ధ్వనిని యుగోస్లావియా అంతా వినేలా చేశారు. ఆ పదేళ్లను చరిత్రలోంచి తీసేయలేం. తొలి గొంతు వాళ్లదే.

బేస్ తీగ: రెండు దారులనూ కలిపి వాయించాలనుకునేవాళ్లకు ఒక మాట. 7/8 కింద స్థిరస్వరం పెడితే బేస్‌ను 1 మీద మాత్రమే మీటి, ఏడో అక్షరం దాకా మోగనివ్వండి. 4, 6 మీద కూడా మీటితే స్నేర్ విరుపు బేస్ కింద మునిగిపోతుంది, విన్నవాళ్లకు ఏడు ఎక్కడ మొదలైందో అందదు.