నాన్న బీపీ బిళ్ళతో పాటు రోజూ నొప్పి బిళ్ళ వేసుకుంటున్నారు, ఆపించాలా?

కవిటి అమ్మాయి:

మాది కవిటి దగ్గర పల్లెటూరు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నకి 62. కొబ్బరి తోట, కొంచెం జీడి తోట ఉన్నాయి. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయని ఎక్స్‌రే తీసి చెప్పారు. పొద్దున్న లేవగానే గోడ పట్టుకుంటే గానీ అడుగు పడదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర తెచ్చుకున్న నొప్పి బిళ్ళ వేసుకున్నాక కాసేపటికి కాళ్ళు సర్దుకుంటాయి, తోటకి వెళ్ళిపోతారు. అందులో అసిక్లోఫెనాక్, పారాసెటమాల్ ఉన్నాయి. చాలా నెలలుగా రోజూ వేసుకుంటున్నారని మొన్న పండక్కి వెళ్ళినప్పుడే నాకు తెలిసింది. పని ఎక్కువున్న రోజు రెండు పూటలా వేసుకుంటారట.

బీపీకి టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన బిళ్ళ వాడుతున్నారు. షుగర్ లేదు, గుండె జబ్బు లేదు.

మా ఉద్దానం సంగతి అందరికీ తెలిసిందే. మా వీధిలోనే డయాలసిస్‌కి వెళ్ళొచ్చేవాళ్ళున్నారు. ఆ భయంతోనే రక్తపరీక్ష చేయించాను. కిడ్నీలు సరిగ్గా వడపోయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.5 వచ్చింది. నిరుడు 1.1 ఉండేది. కాగితం చూపిస్తే నాన్న "నాలుగు పాయింట్లకే ఏటవుద్దే, ఇన్నాళ్ళూ ఏసుకున్నాను కాదా, ఏటైనా అయిందా" అంటున్నారు. గ్యాస్ బిళ్ళ కూడా వేసుకుంటున్నారు కాబట్టి ఏం కాదని ఆర్‌ఎంపీ చెప్పాడట.

నిజంగా ఏం కాదా? వీటిలో కిడ్నీలకి ఇబ్బంది లేని నొప్పి బిళ్ళ ఏదైనా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి. రాత్రి నిద్ర పట్టడం లేదు.

బొబ్బిలి రాజు:

మా అమ్మకి ఎటోరికాక్సిబ్ ఇచ్చారండి. కడుపులో మంట అస్సలు లేదు. కొత్త రకం మందు, పాతవాటంత చెడ్డది కాదంటున్నారు. మీ నాన్నగారికి అదే అడిగి చూడండి.

మందులక్క:

చెల్లీ, నేను ఫార్మసిస్టుని, సోంపేట వైపు మందుల షాపు చూసుకుంటాను. డాక్టర్ని కాను కాబట్టి నాన్నగారికి ఏ మందు రాయాలో చెప్పలేను. కానీ ఈ బిళ్ళలు రోజూ నా చేతుల మీదుగానే వెళ్తాయి, వీటి మంచీ చెడూ బాగా తెలుసు.

ముందు ఆ 1.5 సంగతి చూద్దాం. నాన్నగారికి నాలుగు పాయింట్లే అనిపించడంలో వింత లేదు, కాగితం మీద అలాగే ఉంటుంది. కానీ 62 ఏళ్ళ మగమనిషికి క్రియాటినిన్ 1.1 ఉంటే కిడ్నీల వడపోత సుమారు 76 ఉంటుంది, 1.5 అయితే సుమారు 52కి దిగుతుంది. రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ అని ఉండే అంకె ఇదే. దాదాపు మూడో వంతు తగ్గిందన్నమాట. వచ్చే నెల చూపిద్దాంలే అనుకోవద్దు. ఈ వారమే ఎంబీబీఎస్, ఎండీ చదివిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆలోగా నొప్పి బిళ్ళ వద్దు. బీపీ బిళ్ళ మాత్రం మీ అంతట మీరు ఆపకండి, అది డాక్టరే తేల్చాలి.

ఇప్పుడు అసలు ముడి ఎక్కడుందో చెప్తాను. మోకాల్లో నొప్పి, వాపు తెచ్చే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు ఒంట్లో తయారవుతాయి. అసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, అన్నీ వాటి తయారీనే అడ్డుకుంటాయి. చిక్కేమిటంటే అవే ప్రోస్టాగ్లాండిన్లు కడుపు లోపలి పొరని యాసిడ్ నుంచి కాపాడతాయి, కిడ్నీలోకి రక్తం వెళ్ళే సన్న నాళాన్ని తెరిచి ఉంచుతాయి. బిళ్ళకి మోకాలు వేరు, కిడ్నీ వేరు అని తెలియదు.

మీ తోటకి నీళ్ళు పారే కాలవ అనుకోండి. నొప్పి బిళ్ళ, నీళ్ళు లోపలికి వచ్చే తూముని బిగిస్తుంది. టెల్మిసార్టాన్, నీళ్ళు బయటికి పోయే తూముని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లోంచి ఉప్పునీ నీళ్ళనీ మూత్రంలో పంపేసి, అసలు కాలవలోకి వచ్చే నీటినే తగ్గిస్తుంది. ఏ ఒక్కదాన్నైనా మంచి కిడ్నీ తట్టుకుంటుంది. మూడూ కలిస్తే వడపోతకి కావలసిన ఒత్తిడి ఉండదు. ఈ మూడింటి కలయిక గురించి డాక్టర్లకి చదువుకునేటప్పుడే గట్టిగా చెప్తారు. మన దగ్గర తేడా ఏమిటంటే ఆ మూడింట్లో రెండు ఒకే బీపీ బిళ్ళలో దాగి ఉంటాయి. పేరు చివర హెచ్ అని ఒక్క అక్షరం ఉంటుంది. షాపుకి వచ్చేవాళ్ళలో దాన్ని గమనించేవాళ్ళు చాలా తక్కువ.

దీనికి తోడు జీడి పిక్కలు ఏరే రోజులు. ఏప్రిల్, మే ఎండలో పొద్దున్నుంచీ తోటలో ఉండి, ఒక సీసా నీళ్ళతో సరిపెట్టుకుని, సాయంత్రం ఒళ్ళు నొప్పులని బిళ్ళ వేసుకుంటారు. ఒంట్లో నీరు తగ్గిన పూట ఈ బిళ్ళ కిడ్నీలకి చేసే కీడు ఎక్కువ. వాంతులు, విరేచనాలు అవుతున్న రోజు అసలే ముట్టకూడదు. ఉద్దానంలో ఇంతమందికి కిడ్నీలు పాడవడానికి మూలకారణం ఇదీ అని ఇంకా తేలలేదు. బిళ్ళల వల్లే అని నేను అనడం లేదు. కానీ ఇప్పటికే ఇంత భయమున్న చోట, మన చేతిలో ఉన్న ఈ ఒక్క కీడునైనా తప్పించుకోవాలి కదా.

గ్యాస్ బిళ్ళ సంగతి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి కడుపులో పుండు పడకుండా చాలావరకు కాపాడతాయి, అది నిజమే. పొద్దున్న తినడానికి అరగంట ముందు వేసుకుంటే బాగా పనిచేస్తాయి. కిడ్నీకి మాత్రం వాటి వల్ల రవ్వంత రక్షణ కూడా లేదు. ఏం కాదని చెప్పిన మనిషి కడుపు ఒక్కటే లెక్కలోకి తీసుకున్నాడు.

రాజుగారూ, మీ అమ్మగారికి డాక్టరు చూసి ఇచ్చి ఉంటారు, దాన్ని కాదనను. ఎటోరికాక్సిబ్ కడుపుకి కాస్త తేలికే. కిడ్నీ విషయంలో మాత్రం పాతవాటికీ దీనికీ తేడా లేదు, పైగా బీపీ పెంచుతుంది. బీపీ 140/90 దాటి అదుపులో లేనివాళ్ళకి ఇవ్వొద్దని యూరప్‌లో స్పష్టంగా రాసి ఉంది. ఆ జాతిదే రోఫెకాక్సిబ్ కూడా కడుపుకి మంచిదని పేరు తెచ్చుకుని, గుండెపోట్లు పెరుగుతున్నాయని తేలడంతో 2004లో ప్రపంచమంతా మార్కెట్ నుంచి పోయింది. కాబట్టి కిడ్నీ తగ్గినవాళ్ళకి ఇబ్బంది లేని బిళ్ళ ఈ జాతిలో లేదు చెల్లీ. ఉందని ఎవరు చెప్పినా నమ్మకండి.

ఇంకో పని చెయ్యండి. నాన్నగారు వేసుకునే ప్రతి మందూ, పొట్లంలో ఉన్నా స్ట్రిప్‌లో ఉన్నా, మంచం మీద పరిచి ఫోటో తీయించండి. నొప్పి బిళ్ళ ఒక్కసారిగా ఆపినా ఒంటికి ప్రమాదం లేదు. కానీ పొట్లంలో స్టిరాయిడ్ బిళ్ళ కలిసి ఉంటే అది వేరే కథ. నెలల తరబడి వాడిన స్టిరాయిడ్‌ని టక్కున ఆపకూడదు.

కవిటి అమ్మాయి:

అక్కా, మీరు అంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. తమ్ముడి చేత వీడియో కాల్ చేయించాను. మీరు అన్నట్టే అయింది. నొప్పి బిళ్ళ ఒకటి కాదు, రెండు రకాలు. మోకాళ్ళకి ఆర్‌ఎంపీ ఇచ్చింది ఒకటి, నడుం పట్టేసిన రోజు బజార్లో కొనుక్కునేది ఇంకొకటి. రెండోది డైక్లోఫెనాక్ 50. "అది మోకాళ్ళకి, ఇది నడుంకి" అంటున్నారు నాన్న.

ఇంకా తెల్ల కాగితం పొట్లంలో చిన్న తెల్ల బిళ్ళలు ఉన్నాయి. పేరు లేదు, ఏమీ లేదు. ఆకలి వెయ్యడానికి ఇచ్చారట.

మందులక్క:

ఆ చిన్న బిళ్ళ గురించే నా భయం. ఆకలికి, ఒంట్లో హుషారుకి అని పేరు లేకుండా ఇచ్చే చిన్న బిళ్ళ చాలాసార్లు డెక్సామెథసోన్ అవుతుంది. నొప్పులు చేత్తో తీసేసినట్టు తగ్గిస్తుంది, ఆకలీ వేస్తుంది. స్టిరాయిడ్, నొప్పి బిళ్ళ కలిపి వాడితే కడుపులో పుండు పడి రక్తం కారే ప్రమాదం ఒక్కోదానికంటే చాలా ఎక్కువ. బీపీ, షుగర్ కూడా పెంచుతుంది. పొట్లాన్ని ఉన్నది ఉన్నట్టు డాక్టరు ముందు పెట్టండి. దాన్ని మాత్రం మీరు ఆపెయ్యకండి, ఎలా తగ్గించాలో ఆయన చెప్తారు. ఈ ఒక్క కారణానికే రేపే వెళ్తే మంచిది.

రెండు నొప్పి బిళ్ళల సంగతి కూడా నాన్నగారికి ఓపిగ్గా చెప్పండి. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ ఒకే కుటుంబం. నడుంకి వేసుకున్నది నడుంకే పోదు. అసిక్లోఫెనాక్ రోజుకి 100 మిల్లీగ్రాములవి రెండే, డైక్లోఫెనాక్ మొత్తం 150 దాటకూడదు, అదీ కిడ్నీలు బాగున్నవాళ్ళకి, కొద్దిరోజులకి. రెండూ కలిపి వేసుకోవడమన్నదే లేదు.

మా షాపులో రోజూ చూసేది ఒకటి చెప్తాను. పెద్దాయన ఒకరు జేబులోంచి కత్తిరించిన స్ట్రిప్ ముక్క తీసి "ఇదే ఇయ్యమ్మా" అంటారు. రెండు బిళ్ళల ఖాళీ గూళ్ళు, వెనక రెండు అక్షరాలు. మందు పేరు, గడువు తేదీ ఉన్న భాగం ఆ ముక్క ఇచ్చిన షాపులోనే ఉండిపోయింది. పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు మారినా, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదివితే ఒకే మందు రెండుసార్లు మింగడం తప్పుతుంది. అందుకే పేరున్న స్ట్రిప్ అడిగి తీసుకోమని తమ్ముడికి చెప్పండి. కాంబిఫ్లామ్ చూడండి, అందులో ఐబుప్రొఫెన్ 400, పారాసెటమాల్ 325 ఉంటాయి. దాని మీద డోలో వేసుకుంటే పారాసెటమాల్ రెండింతలు పైనే అవుతుంది.

ఈలోగా మలం తారులా నల్లగా, జిగటగా వచ్చినా, కాఫీ రంగు వాంతి అయినా, మూత్రం తగ్గినా, పాదాలు వాచినా, ఆయాసం వచ్చినా రాత్రీ పగలూ చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కడుపులో నొప్పి లేకుండానే పుండు నుంచి రక్తం కారొచ్చు, నొప్పి లేదు కదా అని ధైర్యంగా ఉండకండి.

ఇద్దరు పిల్లల తల్లి:

మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. మా బాబుకి ఏడేళ్ళు. జ్వరం 102 ఉంది, వీధిలో డెంగీ కేసులున్నాయి. పోయినసారి రాసిన ఐబుప్రొఫెన్ సిరప్ ఇంట్లో ఉంది, వెయ్యొచ్చా?

మందులక్క:

వద్దమ్మా. డెంగీ అనుమానం ఉన్నంతవరకు ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్, ఆస్పిరిన్ ఏవీ వద్దు. ప్లేట్‌లెట్లు తగ్గే జబ్బులో ఇవి రక్తస్రావాన్ని పెంచుతాయి. పారాసెటమాల్ ఒక్కటే, అది కూడా బాబు బరువుని బట్టి. ద్రవాలు బాగా తాగించండి, ఇవాళే పిల్లల డాక్టరుకి చూపించి రక్తపరీక్ష అడగండి. నిమెసులైడ్ పాత సీసా ఏదైనా ఉంటే పారెయ్యండి, 12 ఏళ్ళలోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే నిషేధించారు.

ఫిజియో తమ్ముడు:

నేను ఫిజియోథెరపిస్టుని. బిళ్ళ తీసేస్తే నాన్నగారు తోటకి ఎలా వెళ్తారన్నది పెద్ద ప్రశ్న కాబట్టి రాస్తున్నాను. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాచి, పది లెక్కపెట్టేదాకా ఆపి, నెమ్మదిగా దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున సాయంత్రం. తొడ కండరం గట్టిపడితే మోకీలు మీద భారం తగ్గుతుంది. వారానికి ఫలితం కనపడదు, రెండు మూడు నెలలు పట్టు వదలకూడదు. పిక్కలు ఏరేటప్పుడు గొంతుక్కూర్చోకుండా చిన్న పీట వాడమనండి. చేతికర్ర ఎక్కువ నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో వైపు చేత్తో పట్టుకోవాలి.

కవిటి అమ్మాయి:

అందరికీ నమస్కారం. డాక్టరుకి చూపించాం. చిన్న బిళ్ళ స్టిరాయిడే అయ్యుంటుందని, దాన్ని కొద్దికొద్దిగా తగ్గించేలా రాసిచ్చారు. నొప్పి బిళ్ళలు రెండూ ఆపేశారు. బీపీ మందు హెచ్ లేనిదానికి మార్చారు. రెండు వారాల తర్వాత మళ్ళీ పరీక్ష చేస్తే క్రియాటినిన్ 1.3. ఇంకా దిగుతుందో లేదో చూడాలన్నారు. నాన్నకి నొప్పి మాత్రం ఉంది, ముఖంలో తెలుస్తోంది. పారాసెటమాల్, డైక్లోఫెనాక్ జెల్ రాశారు. అక్కా, జెల్ కూడా అదే మందు కదా, కిడ్నీకి పోదా?

మందులక్క:

1.3 చూసి ప్రాణం కుదుటపడింది చెల్లీ. జెల్‌లో అదే మందు ఉన్నా, చెప్పినట్టు రాస్తే రక్తంలోకి వెళ్ళేది బిళ్ళతో పోలిస్తే ఆరు శాతం దగ్గర మాత్రమే. మోకాలు, చేతి వేళ్ళ కీళ్ళలాంటి చర్మానికి దగ్గరగా ఉన్నచోట బాగా పనిచేస్తుంది, నడుంకి అంత గుణం ఉండదు. డాక్టరుకి కిడ్నీ సంగతి తెలిసే రాశారు కాబట్టి ఆయన చెప్పిన మోతాదు, చెప్పిన పూటలే రాయండి. రాశాక వేడి కాపడం పెట్టకూడదు, బిగుతుగా గుడ్డ కట్టకూడదు, చేతులు కడుక్కుని అన్నం తినమనండి.

పారాసెటమాల్ మోకాలి అరుగుదలకి గట్టి మందు కాదు, తగ్గలేదని నాన్నగారు ఒకటికి రెండు వేసుకునే ప్రమాదం ఉంది. డాక్టరు రాసినదానికి మించొద్దు. సాయంత్రం కాస్త తాగే అలవాటు ఉంటే అది కూడా డాక్టరుకి దాచకుండా చెప్పాలి, లివరు సంగతి. తర్వాతి పరీక్షలో క్రియాటినిన్‌తో పాటు పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కూడా చూపించాలా అని అడగండి. టెల్మిసార్టాన్ వాడుతూ కిడ్నీ తగ్గినవాళ్ళలో పొటాషియం పెరగొచ్చు. ఇక ఊళ్ళో ఎవరైనా కీళ్ళ నొప్పులకి పసరు మందో, పేరు లేని పొడో తెస్తే తీసుకోవద్దనండి. అలాంటి వాటిలో చెప్పకుండా డెక్సామెథసోన్, డైక్లోఫెనాక్ కలిపి అమ్మినవి పరీక్షల్లో దొరికాయి, 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి మాత్రల మీదే హెచ్చరిక ఇచ్చింది. తమ్ముడి ఫోన్‌లో నాన్నగారి మందుల ఫోటో, రెండు రిపోర్టులు ఉంచమనండి, పంటి నొప్పికి వెళ్ళినా సరే ముందు అవే చూపించాలి.