యుద్ధకాలంలో పాడి మందల వేలం: ప్రభుత్వం అడ్డుపడవలసిందా?

పలుపుతాడు:

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పాడి పల్లెల్లో జరిగిన వేలాల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. విస్కాన్సిన్ రాష్ట్రం 1940 నుంచి తన వాహనాల నంబరు పలకల మీదే ‘అమెరికా పాడిసీమ’ అని రాసుకుంది. అటువంటి చోట 1942లో ఏం జరిగిందో చూడండి. కొడుకు సైన్యానికి వెళతాడు. జీతగాడు ఎక్కువ కూలి దొరుకుతుందని ఆయుధ కర్మాగారంలో చేరతాడు. మిగిలిన ముసలి తండ్రి ఇరవై ఆవులకు రెండు పూటలా పాలు పితకలేక వేలం ప్రకటిస్తాడు. పొద్దు వాలేలోపు పాడి ఆవులు, చూడి పెయ్యలు, గుర్రాల జత, గడ్డికోత యంత్రం, పాల క్యాన్లు అన్నీ ఇరుగుపొరుగు కళ్ల ముందే చేతులు మారిపోతాయి.

యుద్ధానికి పాలు, వెన్న, జున్ను కావాలన్న ప్రభుత్వమే ఈ వేలాలను చూస్తూ ఊరుకోవచ్చునా? ఊరుకోకూడదని నా అభిప్రాయం. పొలాన్ని ఒక ఏడు బీడు పెట్టినా మరుసటి ఏడు దున్నుకోవచ్చు. మంద అలా కాదు. పెయ్యదూడ పెరిగి, చూలు నిలిచి, మొదటి ఈత పాలు ఇవ్వడానికి రెండేళ్లకు పైగా పడుతుంది. ఏ ఆవు ఎవరి చేతికి చేపుతుంది, ఏది కాలు విసురుతుంది అన్న ఎరుక వేలం పట్టికలో ఉండదు. మా ఇంట్లో గేదెను అమ్మినప్పుడు నాన్న పలుపు మాత్రం ఇచ్చేవారు కాదు. అది గుంజకు వేలాడుతున్నంతకాలం మళ్లీ పాడి వస్తుందని ఆయన నమ్మకం. కొట్టం మొత్తం అమ్ముకున్న ఆ తండ్రికి మళ్లీ పాడి వచ్చే దారి ఏది?

లంకపల్లె:

పలుపుతాడు గారూ, వేలంలో అమ్ముడైన ఆవు మాయమైపోదండీ. పితికే చేతులున్న ఇంటికి చేరుతుంది. కొన్ని కబేళాకు వెళ్లి ఉండవచ్చు, కాదనను. కానీ దేశం మొత్తం లెక్క చూస్తే అమెరికాలో పాడి ఆవుల సంఖ్య శిఖరానికి చేరింది సరిగ్గా ఆ 1940ల మధ్యలోనే. రెండున్నర కోట్లు దాటింది. పాల ఉత్పత్తీ కుప్పకూలలేదు. మీరు చెప్పే నష్టం ఇంటిది. దాన్ని దేశం నష్టంగా చూపించి చట్టం అడగడం సరికాదు.

ఇంకొక మాట. 1933లో ఇదే విస్కాన్సిన్‌లో గిట్టుబాటు ధర లేక రైతులు సమ్మెకు దిగి, పాలను రోడ్ల మీద పారబోశారు. అంతటి కరువు ధరలు చూసిన మనిషికి యుద్ధం వచ్చాక పశువుకు మంచి ధర పలికింది. అరవై దాటిన వయసులో అమ్ముకొని అప్పు తీర్చుకుంటానంటే వద్దనే హక్కు ఎవరికి ఉంది? వేలాన్ని అడ్డుకోవడమంటే ఆవులతో పాటు ఆ ముసలాయననూ కొట్టంలో కట్టేయడమే.

వాకిలి:

లంకపల్లె గారూ, ప్రభుత్వం చట్టం చేయకపోలేదు. 1942 అక్టోబరులో యుద్ధ మానవవనరుల కమిషన్ పాడి, పశుపోషణ, కోళ్ల పెంపకంలో అవసరమైన పనివాళ్లను సైన్యం తీసుకోవద్దనీ, కర్మాగారాలు పనిలో పెట్టుకోవద్దనీ చెప్పింది. మరుసటి నెలలో సెనేటర్ టైడింగ్స్ సవరణ వచ్చింది. వ్యవసాయానికి తప్పనిసరి అయిన మనిషిని, అతనికి బదులు మరొకరు దొరికేదాకా సైన్యంలోకి పిలవకూడదన్నది దాని సారం. పద్దెనిమిదేళ్ల పిల్లలనూ సైన్యంలోకి రప్పించిన చట్టంలోనే ఈ సవరణ కూడా ఉంది.

నన్ను బాధపెట్టేది దాన్ని అమలు చేసిన కొలబద్ద. ఒక పాడి ఆవు ఒక యూనిట్. మినహాయింపు కోరే మనిషి వంతుకు 16 యూనిట్లు ఉండాలన్నది లక్ష్యం. మొదట్లో అంతకన్నా తక్కువకు కూడా ఒప్పుకున్నారు, పంటలను కూడా కలిపి లెక్కించారు, నిజమే. అయినా ఎనిమిది ఆవుల ఇల్లు, ఇరవై ఆవుల ఇల్లు ఆ కొలబద్ద ముందు ఒక్కటి కావు. కొడుకును నిలుపుకోవాలంటే పెద్దమంద కావాలి. పెద్దమంద ఎక్కడ దొరుకుతుంది? పక్కింటి వేలంలో. చట్టమే బక్కరైతు ఆవులను పెద్దరైతు కొట్టం వైపు తోలింది. దేశం లెక్కలో ఆవులు తగ్గకపోవడానికి ఇదీ ఒక కారణమని నేను అనుకుంటున్నాను.

మరొకటి. మీ ఇద్దరి కథలోనూ తండ్రి, కొడుకు, జీతగాడు ఉన్నారు. ఆ ఇంట్లో తల్లి లేదా? మా అమ్మ ముప్పై ఏళ్లు గేదెల పాలు పితికింది. పాలకేంద్రం పుస్తకంలో మాత్రం నాన్న పేరే ఉండేది. గేదెను అమ్మే రోజు అమ్మను ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

నాగేటిచాలు:

పనిముట్ల గురించి కొంచెం చెప్పాలి. ఉక్కు ట్యాంకులకు, ఓడలకు పోవడంతో కొత్త వ్యవసాయ యంత్రాల తయారీని తగ్గించారు. 1942లోనే వాటికి రేషన్ పెట్టారు. ఇక పక్క ఊరి రైతుకు విత్తే యంత్రమో, పాలు పితికే యంత్రమో దొరికేది వేలంలోనే. వేలాలు ఆపితే అవి కొట్టాల్లో తుప్పుపట్టేవి. బ్రిటన్‌లో జిల్లా యుద్ధ వ్యవసాయ కమిటీలు ట్రాక్టర్లను తామే ఉంచుకొని రైతులకు దున్ని పెట్టాయి. అది మంచి పద్ధతి. కానీ అవే కమిటీలకు సాగు సరిగా చేయడం లేదని రైతును పొలం నుంచి వెళ్లగొట్టే అధికారమూ ఉండేది, కొందరిని వెళ్లగొట్టారు కూడా. అడ్డుపడే అధికారం ఇవ్వాలనేవాళ్లు ఈ రెండో సంగతినీ తలచుకోవాలి.

పలుపుతాడు:

వాకిలి గారూ, మీ అమ్మగారి మాట చదివాక నేను రాసింది మళ్లీ చదువుకున్నాను. మా ఇంట్లోనూ పితికింది అమ్మే. పలుపు గురించి రాసి ఆమెను మరిచిపోయాను.

అమ్మకాన్ని నిషేధించాలన్న మాట వదులుకుంటున్నాను. లంకపల్లె గారన్నట్టు అది ముసలివాళ్లకు అన్యాయం. కానీ యువకులను సైన్యంలోకి తప్పనిసరిగా పిలిచే చట్టం వచ్చింది 1940 సెప్టెంబరులో. మీరు చెప్పిన రక్షణలు 1942 చివరలో. నడుమ రెండేళ్లు. ఆ లోపు అమ్ముకున్నవాళ్లకు తరువాత వచ్చిన సవరణతో ఏం ఒరిగింది? తిరిగొచ్చిన సైనికులకు పొలం కొనుక్కోవడానికి రుణ హామీ ఇస్తూ 1944లో మరో చట్టం చేశారు, సంతోషం. కొడుకు కోసం నాన్న పెంచిన మంద అప్పటికే పోయింది కదా.

మన పల్లెల్లో పశువును వాటాకు పెంపకానికి ఇచ్చే పద్ధతి ఉంది. మేపినవాడికి పాలు, పుట్టిన దూడల్లో చెరిసగం. ఆవు మాత్రం అసలు యజమానిదే. ప్రభుత్వం 1940లోనే ఇటువంటి ఒప్పందాలకు పూచీ ఉండి, మేపేవాడికి దాణా సాయం చేసి ఉంటే ఎంతోమంది వేలం దాకా వెళ్లేవారు కాదు. అమ్మదలచినవాడు ఎలాగూ అమ్ముకుంటాడు. కొడుకు వచ్చేదాకా ఆగుదామనుకున్నవాడికి ఒక దారి ఉండేది.

వాకిలి:

దీనికి నేను ఒప్పుకుంటాను. ఒక్క చిక్కు. ఆవు ఒట్టిపోయిన నెలల్లో దాణా ఖర్చు ఎవరిది? వాటా పశువుల విషయంలో మా ఊళ్లో తగవులన్నీ అక్కడే మొదలయ్యేవి. యుద్ధం నాలుగేళ్లు సాగితే ఆవు కనీసం మూడుసార్లు ఒట్టిపోతుంది. మీరన్న దాణా సాయం ముందు ఆ నెలలకు అందాలి. ఒప్పందం మీద ఇంటావిడ సంతకమూ ఉండాలి.