కంఠసర్పి (డిఫ్తీరియా) తగ్గాక నీళ్లు ముక్కులోంచి వస్తున్నాయి, ఎవరికైనా అనుభవం ఉందా?

మాది రాజోలు దగ్గర పల్లె. మా అక్క కొడుక్కి ఏడేళ్లు. మూడు వారాల క్రితం గొంతునొప్పి, కొద్దిగా జ్వరం వచ్చాయి. నోరు తెరిపిస్తే టాన్సిళ్ల మీద బూడిదరంగు పొర కనిపించింది. దూదితో తుడవబోతే ఊడలేదు సరికదా, రక్తం వచ్చింది. అమ్మమ్మ చూడగానే ‘కంఠసర్పి’ అంది. అప్పటికే పసుపు పాలతో రెండు రోజులు పోగొట్టుకున్నాం.

ఆసుపత్రిలో డిఫ్తీరియా అనే తేల్చి యాంటీటాక్సిన్ (రోగవిషానికి విరుగుడు), పెన్సిలిన్ ఇచ్చారు. ఇంట్లో అందరికీ ముందుజాగ్రత్తగా ఎరిత్రోమైసిన్ మందు రాశారు. పసితనపు టీకాలన్నీ వేయించాం, ఈ జబ్బు రాకుండా ఐదేళ్లకు వేయించవలసిన డీపీటీ బూస్టరే మానేశాం. తప్పు మాదే.

ఇప్పుడు పొర పోయింది. కానీ నాలుగు రోజులుగా నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తున్నాయి, మాట ముక్కుతో పలుకుతోంది. రోగవిషం అంగిలి నరాలకు తగిలిందని, మెల్లగా తగ్గుతుందని డాక్టరు అన్నారు. గుండె కోసం ఈసీజీ తీస్తున్నారు, పరుగులు వద్దన్నారు.

మీ పిల్లలకు ఇలా జరిగితే మింగడం కుదుటపడటానికి ఎన్నాళ్లు పట్టింది? ఏమి తినిపించారు? చిక్కటి గంజికి పొలమారడం లేదు, కొబ్బరినీళ్లకు మాత్రం ఉక్కిరిబిక్కిరవుతున్నాడు. కోనసీమలో ఉంటూ కొబ్బరినీళ్లు వద్దంటే వాడు ఊరుకోడు! అమలాపురం, కాకినాడ వైపు మింగడానికి వ్యాయామాలు నేర్పేవారు ఉంటే చెప్పండి.