అమ్మతో మాట్లాడేవాళ్లు కావాలి: కర్నూలు వైపు రొమ్ము క్యాన్సర్ దాటిన ఆడవాళ్లు ఉన్నారా?

మాది ఆదోని. అమ్మకు 52 ఏళ్లు. రొమ్ము తీసేసి ఏడాదైంది. కీమో, రేడియేషన్ అయిపోయాయి, ఇప్పుడు క్యాన్సర్ మళ్లీ రాకుండా రోజూ టామోక్సిఫెన్ మాత్ర. రిపోర్టులు బాగున్నాయి, మనిషే బాగాలేదు. చంకలో లింఫ్ గ్రంథులు తీసిన వైపు చేయి సాయంత్రానికి వాచిపోతుంది, బిందె ఎత్తలేదు. రాత్రిళ్లు ఒంట్లో ఆవిర్లు, చెమటలు. పెళ్లికి రమ్మంటే పైట సర్దుకుంటూ ఇంట్లోనే ఉండిపోతుంది. ధైర్యం చెప్పబోతే "నీకేం తెలుసే" అంటుంది. నిజమే, నాకేం తెలుసు?

ఇదంతా పడినవాళ్లు కర్నూలు, అనంతపురం వైపు ఎక్కడైనా కలుసుకుంటారా? ఎవరైనా అమ్మతో ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడినా చాలు. చేతి వాపుకు ఫిజియోథెరపీ, చేతికి తొడిగే బిగుతు స్లీవ్ ఎవరికైనా పనిచేశాయా? బ్రాలో పెట్టుకునే సిలికాన్ ప్యాడ్ ఎక్కడ కొన్నారు, ఎంతయింది? పసర్ల గురించి మాత్రం వద్దండీ, చుట్టాలు చెప్పినవే చాలా ఉన్నాయి.