గ్రేప్ సోడాలో మిథైల్ ఆంత్రనిలేట్: గడ్డకడుతోంది, తేలుతోంది, రంగు మారుతోంది

కావలి_సోడా:
గోలీసోడాతోపాటు గ్రేప్ సోడా కూడా కొడుతున్నాం. రెడీమేడ్ ఎసెన్స్ మానేసి, ద్రాక్ష వాసననిచ్చే ఫుడ్ గ్రేడ్ మిథైల్ ఆంత్రనిలేట్ తెప్పించాం. సంక్రాంతి చలికి సీసాలో రాయిలా బిగుసుకుంది. 60 బ్రిక్స్ (బరువులో నూటికి 60 పాళ్ళు పంచదార) పాకంలో నేరుగా వేస్తే పైన తెట్టులా తేలుతోంది, అదే నీళ్ళు పడ్డాక అడుగున చుక్కలు. మొదటి సీసాలు చప్పన, చివరివి ఘాటు. వెనిల్లిన్ (వెనిల్లా వాసననిచ్చే పొడి) కలిపి దాచిన మిశ్రమం వారంలో నారింజ రంగుకు తిరిగింది. సరుకు కల్తీదా? లీటరుకు ఎంత పడాలి?

ఒంగోలు_రుచి:
కల్తీ అనుకోవద్దన్నా. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మన జనవరి రాత్రులు అంతకంటే చల్లన. సీసాను 45 డిగ్రీల నీళ్ళలో మెడ దాకా పెట్టి మొత్తం కరగనివ్వండి. సగం కరిగినప్పుడు పైది ఒంపితే మలినాలు ఎక్కువగా ఆ ద్రవంలోనే వస్తాయి. పొయ్యి మీద మాత్రం పెట్టొద్దు.

తేలడం, మునగడం రెండూ సాంద్రత వల్లే. దీనిది 1.17, మీ పాకానిది 1.29, నీళ్ళది 1. డ్రమ్ము కుళాయి అడుగున ఉంటుంది గదా, పైనున్న తెట్టు చివరి సీసాల్లోకి దిగుతుంది. చల్లటి సోడానీళ్ళు తగిలితే కరగని చుక్క గింజ కడుతుంది కూడా.

కరిగిన సరుకు 10 గ్రాములు తూచి, దాన్ని కరిగించే ఫుడ్ గ్రేడ్ ప్రొపిలీన్ గ్లైకాల్ పోసి 100 మి.లీ.కి తెండి. 100 లీటర్ల సోడాకు సరిపోయే 20 లీటర్ల పాకం 40 డిగ్రీల కిందికి చల్లారాక, ఈ ద్రావణం 15 మి.లీ. సన్నటి ధారగా పోస్తూ పది నిమిషాలు కలపండి. తాగే సోడాలో లీటరుకు 15 మిల్లీగ్రాములు పడుతుంది. 20 దాటితే అగరబత్తి నమిలినట్టుంటుంది. డైఇథిలీన్ గ్లైకాల్ మాత్రం తేవద్దు, ఆహారంలో నిషేధం, విషం.

మల్లె_అగరు:
రంగు సంగతి నేను చెబుతా. ఇందులో అమీన్ (నైట్రోజన్ ఉన్న భాగం) ఉంది, వెనిల్లిన్ ఏమో దాంతో కలిసిపోయే ఆల్డిహైడ్ జాతి. రెండూ చిక్కగా కలిసి ఉంటే నీటి అణువు వదిలి, షిఫ్ బేస్ అనే కొత్త పదార్థమై పసుపు, నారింజ అవుతాయి. సెంట్ల వాళ్ళు హైడ్రాక్సీ సిట్రొనెల్లాల్‌తో కావాలనే ఈ పని చేయించి ఆరంటియోల్ తీస్తారు, నారింజ పూల వాసనకు. మీకు అక్కర్లేదు. వెనిల్లిన్‌ను వేరే సీసాలో కరిగించి పెట్టుకుని, పాకంలోనే విడివిడిగా వెయ్యండి. బెంజాల్డిహైడ్, సిట్రాల్ ఉన్న ఎసెన్స్‌లకూ ఇదే పద్ధతి. రెండింటినీ వెలుతురు తగలని గోధుమరంగు గాజుసీసాల్లో ఉంచండి.

కావలి_సోడా:
అర్థమైందన్నా. మరి మా ఊళ్ళో "ఇది ద్రాక్ష వాసన కాదు" అంటున్నారే?

ఒంగోలు_రుచి:
బజారులో దొరికే గింజల్లేని పచ్చద్రాక్షలో ఇది దాదాపు ఉండదు, అందుకే అట్టా అంటారు. అమెరికా కాంకర్డ్ ద్రాక్షలో, దానికి చుట్టమైన మన బెంగళూరు బ్లూలో ఉంటుంది. ఆ నల్లద్రాక్ష తొక్క వేళ్ళ మధ్య నలిపి పక్కపక్కన వాసన చూపించండి, ఒప్పుకుంటారు. కాస్త పండ్ల వాసననిచ్చే ఇథైల్ బ్యూటిరేట్ తగిలించి, సిట్రిక్ యాసిడ్‌లో మూడోవంతు తీసి టార్టారిక్ యాసిడ్ (ద్రాక్షలోని పులుపు) వేస్తే పండు గుణం వస్తుంది.

మల్లె_అగరు:
ఇంకొకటి. దొంగనోట్లు చూసే నీలి లైటు కింద ఇది నీలంగా మెరుస్తుంది. ద్రావణం పోసిన కొలగ్లాసు కడిగాక చీకట్లో ఆ లైటు వేసి చూడండి. అంచున నీలి చార కనిపిస్తే ఇంకోసారి కడగాలి, లేకుంటే తర్వాత కొట్టే నిమ్మసోడాకు ద్రాక్ష వాసన పడుతుంది.