60 దగ్గర ఉండే ముల్లు 75కి ఎక్కుతోంది. నడపొచ్చా?

లంగరు: నాది పెట్రోల్ ఇన్‌బోర్డ్ బోటు. సముద్రపు నీళ్లే నేరుగా ఇంజిన్ బ్లాక్‌లో తిరిగి బయటికి పోతాయి. కొన్నప్పటి నుంచి టెంపరేచర్ ముల్లు 60 డిగ్రీల దగ్గర కదలకుండా ఉండేది. ఈ నెల నుంచి ఫుల్ స్పీడ్‌లో పది నిమిషాలు నడిపితే 75కి వస్తోంది. స్పీడు తగ్గిస్తే మళ్లీ 60. అలారం మోగలేదు. ఇది నార్మలేనా?

నీలికెరటం: 75కే కంగారెందుకు? కారు ఇంజిన్ 90 దగ్గర రోజంతా తిరుగుతుంది. నా బోటు తొమ్మిదేళ్లుగా 80 మీదే నడుస్తోంది. టెన్షన్ పడకండి.

చుక్కాని: కారుతో పోల్చకండి. కారులో తిరిగేది కూలెంట్. ఇక్కడ తిరిగేది ఉప్పునీరు. అది బాగా వేడెక్కితే ఉప్పు, సున్నం లోపలి దారుల్లో పేరుకుపోతాయి. అందుకే ఇలాంటి ఇంజిన్లకు మామూలుగా 60 డిగ్రీల థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ల దారి తెరిచి మూసే వాల్వు) పెడతారు. హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్నవాటిలో ఇంజిన్‌లో కూలెంటే తిరుగుతుంది, సముద్రపు నీళ్లు దాన్ని బయటి నుంచి చల్లబరుస్తాయి; వాటికి 71 నుంచి 82 దాకా ఉంటుంది. నీలికెరటం గారూ, మీ ఇంజిన్‌కి హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉందా?

గట్టుమీద: థర్మోస్టాట్ పీకేయండి, గొడవ వదిలిపోతుంది.

చుక్కాని: ఆ పని మాత్రం వద్దు. ఇంజిన్ ఎప్పటికీ సరిగా వేడెక్కదు. కాలని పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతుంది, తేమ ఆవిరవక అందులోనే ఉండిపోతుంది.

నీలికెరటం: అసలు మీటరు చూపేది నిజమని ఎవరన్నారు? ఎర్త్ వైరు తుప్పు పట్టినా ముల్లు తప్పు చూపిస్తుంది.

చుక్కాని: చూపిస్తుంది. థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ పెడితే తేలిపోతుంది. కానీ స్పీడు తగ్గించగానే దిగుతోందంటే నాకు నీళ్లు చాలట్లేదనే అనిపిస్తోంది. నేనడిగిందానికి మీరు ఇంకా జవాబు చెప్పలేదు.

నీలికెరటం: ఉంది హీట్ ఎక్స్‌ఛేంజర్. అయితే ఏంటి? అలారం పెట్టింది ఎందుకు? మోగేదాకా నడుపుకోవచ్చు. కొత్తవాళ్లను ఊరికే భయపెడుతున్నారు.

చుక్కాని: అయితే ఏంటా! సరిగ్గా ఈ మాటే ఒక మెకానిక్ నాకు చెప్పాడు. 60 ఉండేది 70 అయింది, తర్వాత 78. "అలారం మోగలేదుగా, నడుపుకోండి" అన్నాడు. మోగేసరికి ఒడ్డు కనబడటం లేదు, పిల్లలిద్దరూ బోటులో ఉన్నారు. హెడ్ గాస్కెట్ పోయింది. వేరే బోటుకి తాడు కట్టి లాక్కొచ్చేసరికి చీకటి పడింది. చిన్నది దారంతా నా చొక్కా వదల్లేదు. మీ ఇంజిన్‌కి 80 మంచిదే, తొమ్మిదేళ్లుగా కదల్లేదు కాబట్టి. ఈయనది కదిలింది. నా పట్టుదలంతా దాని గురించే.

నీలికెరటం: పిల్లల సంగతి నాకు తెలీదండీ, సారీ. నా బాధ వేరు. నిరుడు నా ముల్లు కొంచెం ఎక్కితే సముద్రపు నీళ్లు లాగే పంపు మార్పించారు, తర్వాత ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మార్పించారు. చివరికి చూస్తే ఎర్త్ వైరు. అప్పటి నుంచి ఎవరైనా ముల్లు చూసి ఇంజిన్ మీద చెయ్యి వేయమంటే ఒళ్లు మండుతుంది.

చుక్కాని: అలా చేస్తే ఎవరికైనా మండుతుంది. పంపు మూత విప్పి చూడటానికి మాత్రం ఖర్చేమీ లేదు.

లంగరు: ఇవాళ విప్పాను. ఇంపెల్లర్ (పంపులో తిరిగి నీళ్లు తోసే చక్రం) రబ్బరు రెక్కల్లో రెండు మొదలంటా తెగిపోయాయి. ఒకటి హోస్ మలుపులో దొరికింది. రెండోది లేదు.

చుక్కాని: అది దొరక్కుండా బోటు తీయొద్దు. పంపు దాటి నీళ్లు వెళ్లే దారంతా వెతకండి. ఆయిల్ కూలర్ ఉంటే నీళ్లు లోపలికి వెళ్లే వైపు ముందు చూడండి.

లంగరు: దొరికింది. కూలర్ మూతి దగ్గర అడ్డంగా ఇరుక్కుని ఉంది.

నీలికెరటం: మంచిది. ఎలాగూ విప్పారు కదా, ఎర్త్ వైరు కూడా ఒకసారి చూసుకోండి.